సెల్లార్ గోడ పక్క గంధరాజాలు

తెల్లాపూర్‌లో మేము పనిచేసిన అపార్ట్‌మెంట్లకు ముందు వైపు ఫౌంటెన్ ఉంది. గొడుగుల్లా కత్తిరించిన చెట్లున్నాయి, కాలు పెట్టొద్దని బోర్డు పెట్టిన పచ్చిక ఉంది. వచ్చిన చుట్టాలంతా అక్కడే నిలబడి ఫొటోలు దిగేవాళ్లు. సి బ్లాకు వెనక్కి కుక్క కూడా పోయేది కాదు. ఇప్పుడు జనం ఫౌంటెన్ దాటుకుని వెనక్కి పోతున్నారు. అది ఎట్లా జరిగిందో చెప్పాలంటే మా లచ్చమ్మ గురించి చెప్పాలి.

లచ్చమ్మ నాకు యారాలు, అంటే నా మరిది లింగయ్య భార్య. తన గురించి తాను చెప్పుకునే రకం కాదు. ఎవరైనా అడిగితే "ఏమున్నది చెప్పనీకి" అని కొంగు దులుపుకుని పోతుంది. మా ఇంట్లో మాటలన్నీ నా వంతుకు వచ్చాయి, చేతులు ఆమె వంతుకు వెళ్లాయి. అందుకని ఆమె చేసిన పని నేను రాస్తున్నాను. మూడో తరగతితో ఆగిన చదువు నాది. తప్పులుంటే దిద్దుకోండి, మాటను మాత్రం దిద్దకండి.

మాది మెదక్ దగ్గర పల్లె. పెళ్లై వచ్చిన రెండో ఏడే లచ్చమ్మ నాట్ల ముఠాకు పెద్ద అయింది. ఇరవై మంది ఆడవాళ్లు ఆమె వెనక వంగి నాటేవాళ్లు. పొలంలో కాలు పెట్టి "ఇంకో సాలు దున్నాలె, మట్టి గట్టిగున్నది" అంటే ఆసామి ఎంత పెద్దవాడైనా మళ్లీ దున్నించాల్సిందే. చెరువు ఏటేటా ఎండిపోయిన కాలంలో మేమంతా పట్నం వచ్చాం. ఈ అపార్ట్‌మెంట్లు కట్టేటప్పుడు ఇసుక మోసింది కూడా ఆమే. కట్టడం అయిపోయాక నన్ను మెట్లు ఊడ్చే పనిలో పెట్టుకున్నారు, ఆమెను తోటపనిలో పెట్టుకున్నారు. మోకాళ్లు పోయి నేను పని మానేశాను. ఆమె ఇంకా చేస్తోంది.

సి బ్లాకు వెనక, సెల్లార్ గోడకూ ప్రహరీ గోడకూ మధ్య ఒక పట్టీ జాగా ఉంది. నలభై అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు. పొద్దున పది దాటితే ఎండ ఉండదు. పద్నాలుగు అంతస్తుల ఏసీల నీళ్లు పైపుల్లో దిగి ఆ జాగాలోనే పడతాయి. వేసవిలో ఊరంతా నీళ్లకు కటకటలాడుతుంటే అక్కడ మాత్రం పాదం దిగబడేది. పాచి, దోమలు, తుమ్మితే జారిపడేంత జిగట. తోట కాంట్రాక్టరు అక్కడ రెండుసార్లు మల్లెలు పెట్టించాడు. రెండుసార్లూ వేళ్లు కుళ్లి చచ్చాయి. మూడోసారి చేతులు దులుపుకున్నాడు.

"గా జాగ నాకిడిసిపెట్టుండ్రి సారూ" అని లచ్చమ్మ అడిగింది.

"ఏం పెడతవ్ అక్కడ, వరి పెడతవా?" అని అతను నవ్వాడట.

ఆమె నవ్వలేదు. పొలంలో పని ఎట్లా చేస్తారో అట్లాగే మొదలుపెట్టింది. మోకాలెత్తు మట్టి ఒడ్లు పోసింది, ఒడ్డుకూ ఒడ్డుకూ మధ్య కాలువ తీసింది. నీళ్లు కాలువలో ఉండాలి, చెట్టు ఒడ్డు మీద ఉండాలి, వేళ్లు తమకు కావలసినంత కిందికి దిగి తాగాలి, మునగకూడదు. ముందు గేటు దగ్గర బోరు నీళ్లు తాగి ఆకులు పసుపు పచ్చగా మారిన గంధరాజం చెట్టు ఒకటి ఉండేది. దాని కొమ్మలు విరిచి తెచ్చి ఒడ్ల మీద గుచ్చింది.

"చచ్చే చెట్టు కొమ్మలు తెచ్చి పెడుతున్నవేందే?" అన్నాను నేను.

"చెట్టుకేం రోగం లేదక్కా. బోరు నీళ్లల్ల సున్నమున్నది, బకీటుకు తెల్లగ అంటుకుంటది సూడు. ఏసీ నీళ్లల్ల సున్నం లేదు. ఇది తాగితే పచ్చబడతది."

పచ్చబడింది. ఆకులు నూనె రాసినట్టు మెరిశాయి. ప్రహరీ గోడకు ఆకుసంపెంగ ఎక్కించింది. అన్నిటికంటే తడి ఎక్కువుండే మూలలో రాత్రిరాణి పెట్టింది, దానికి ఎంత తడైనా సరిపోదు. ఒడ్ల అంచుల్లో నందివర్ధనం. రెండో వేసవిలో గంధరాజాలు విచ్చుకున్నాయి. ఎండలు ముదిరేకొద్దీ జనం ఏసీలు ఎక్కువ వేసేవాళ్లు, ఏసీలు ఎక్కువ తిరిగేకొద్దీ పూలు ఎక్కువ పూసేవి. వీళ్లు పైన చల్లబడితే కింద ఆమె చెట్లు చల్లబడేవి. అరచేయంత తెల్లటి పువ్వు, వెన్న ముద్దలా మెత్తగా. ఒక్క పువ్వు ఇంట్లో పెడితే పక్క గదిలోకి కూడా వాసన వచ్చేది.

మూడో అంతస్తులో ఉండే భానుశ్రీ అనే అమ్మాయి మొదట వచ్చింది. మాదాపూర్‌లో కంప్యూటర్ ఉద్యోగం, సగం రోజులు ఇంటి నుంచే పని. చెవిలో ఫోను పెట్టుకుని అక్కడే అటూ ఇటూ తిరుగుతూ ఇంగ్లీషులో ఎవరినో సముదాయించేది. ఆమెను చూసి ఇంకో నలుగురు వచ్చారు. ఆ తర్వాత పెద్దవాళ్లు కుర్చీలు తెచ్చుకున్నారు. లచ్చమ్మ పూలు కోయనిచ్చేది కాదు, రాలిన పువ్వు తీసుకోమనేది. అయినా మంగళవారం పూట ఒక్కొక్కరికి ఒక్కొక్క పువ్వు తన చేత్తో కోసి ఇచ్చేది. ఆ ఒక్క పువ్వు కోసం వరుస కట్టి నిలబడే చదువుకున్నవాళ్లను నా కళ్లతో చూశాను.

మూడో వేసవిలో సెల్లార్‌లో నీళ్లు కారడం మొదలైంది.

కారిన చోటు ఎవరిదో కాదు, అసోసియేషన్ ప్రెసిడెంట్ వెంకటనారాయణ గారి కారు పెట్టుకునే జాగా. ఆయన గోదావరి వైపు మనిషి, రిటైరైన ఇంజనీరు. చెడ్డవాడు కాదు, కానీ ప్రతి పనీ కాగితం మీద గీతలాగా ఉండాలంటాడు. ఒక పొద్దున ఆయన ఫోనులో ఫొటో పెట్టుకుని తోటలోకి దిగాడు. నల్ల కారు మీద మట్టి చారలు. ఆ రోజు నేను లచ్చమ్మకు సద్ది పట్టుకుని వచ్చాను, అక్కడే ఉన్నాను.

"ఏంటమ్మా లచ్చమ్మా ఇది? ఈ నీళ్లన్నీ నీ తోటలోంచే గోడలో దిగుతున్నాయి. కారంతా పాడైపోతోంది."

"నేను ఒక్క చెంబు నీళ్లు పొయ్య సారూ. ఏసీ నీళ్లే తాగుతయి."

"ఎవరి నీళ్లయితే ఏంటి, నిలబడుతున్నది ఇక్కడేగా. చూడమ్మా, నీ పూలంటే మా ఆవిడకూ ఇష్టమే. కానీ గోడ పోతే బిల్డింగుకే ముప్పు. ఆదివారం మీటింగులో పెడతాను. మొత్తం తీయించేసి కాంక్రీటు పోయించేద్దాం."

లచ్చమ్మ ముఖం చూశాను. ఇసుక మోసే రోజుల్లో కాలు మీద రాయి పడ్డప్పుడు కూడా అట్లా కాలేదు ఆ ముఖం.

"పైపులు కారుతున్నయేమో సారూ" అన్నాను నేను. నన్నెవరూ అడగలేదు, అయినా అన్నాను. "ఎవరి పైపు కారినా తోటోళ్ల మీదనే పడాల్నా?"

లచ్చమ్మ నన్ను ఆపింది. "బట్టలకు పెట్టే నీలం కలిపి పోస్త సారూ నా కాలువల్ల. మీ కారు మీద నీలం పడితే తప్పు నా తోటది. తెల్లనీళ్లు పడితే పైపులది. ఆదివారంలోపల తేలిపోతది."

ఆయనకు ఆ మాట నచ్చింది. ఇంజనీరు కదా. సరేనన్నాడు.

ఆ సాయంత్రం నేను ఊరుకున్నానా? పనిమనుషులకు, సెక్యూరిటీ వాళ్లకు, లిఫ్టు దగ్గర కనబడ్డ ప్రతివాళ్లకు చెప్పాను, ఒక్క చుక్క నీలం కూడా పడదని, పడితే నా చెవి కోసి ఇస్తానని. మరునాడు లింగయ్య తెల్ల పంచె తెచ్చి కారు మీద పరిచాం. లచ్చమ్మ రెండు డబ్బాల నీలం కాలువల్లో కలిపింది. తోటంతా సిరా ఒలకబోసినట్టు అయింది.

మధ్యాహ్నం మూడు గంటలకు పంచె మీద నీలం చుక్క పడింది. నాలుగు గంటలకు పంచె సగం నీలంగా ఉంది.

నా నోరు మూతపడిన రోజులు చాలా తక్కువ. అది ఒకటి. సెక్యూరిటీవాళ్లు నా చెవి వంక చూసి నవ్వుతున్నారు, చూడనివ్వు అనుకున్నాను. వెంకటనారాయణ గారు పంచె చేత్తో పట్టుకుని పైకి తోటలోకి నడిచాడు, వెనకే మేమంతా వచ్చాం.

లచ్చమ్మ తోట చివరికి నడిచి, ప్రహరీ గోడ మొదట్లో మోకాళ్ల మీద కూర్చుంది. చేయి బురదలోకి మోచేతి దాకా పెట్టి, తలకాయంత మట్టిముద్ద ఒకటి బయటికి లాగింది. లాగగానే నీలం నీళ్లు గోడ అవతలి డ్రైనేజీలోకి బుడబుడమని పోయాయి.

"ఇది నేనే పెట్టిన సారూ" అంది. "ఈడ తూము ఉన్నది. నీళ్లు ఊరికెనే బయటికి పోతుంటే నాకు మనసొప్పలె. పొలంల ఒడ్డుకు గండి పడితే సప్పున మట్టి కొట్టి మూస్తం, చేతికి గదే అలవాటు. మూసినంక నీళ్లు యాడికి పోతయో ఆలోచన చెయ్యలె. తప్పు నాదే. గోడది కాదు, పైపుది కాదు."

అంతమంది ముందు ఆ మాట అనాల్సిన పని లేదు. తూము చడీచప్పుడు కాకుండా తీసేసి, ఇప్పుడే ఏదో అయిందని చెప్పి తప్పించుకోవచ్చు. నేనైతే అదే చేసేదాన్ని, ఇప్పుడు కూడా చేస్తాను. ఆమె మట్టిముద్ద చేతిలో పట్టుకుని అట్లాగే నిలబడింది.

వెంకటనారాయణ గారు గోడను తట్టి చూశాడు. "తూము తీసినా లాభం లేదమ్మా. గోడ కీళ్లలో దారి పడిపోయింది. కాంక్రీటు తప్పదు."

"సారూ, నాకు ఎనిమిది దినాలియ్యుండ్రి. గోడ పొంటి మట్టి కట్ట ఏస్త. తొమ్మిదో దినం మళ్ల నీలం పోస్త. ఒక్క బొట్టు పడ్డా గడ్డపార నేనే పట్టుకుంట, నా చెట్లు నేనే పీకేస్త."

"సిమెంటు ఆపలేనిది మట్టి ఆపుతుందంటావా?"

"చెరువుకట్ట దేంతోటి నిలబడ్డది సారూ?"

ఆయన గోడ పొడవునా ఒకసారి నడిచాడు. తర్వాత "మీటింగు వచ్చే ఆదివారానికి మారుస్తాను" అని వెళ్లిపోయాడు.

ఆ ఎనిమిది రోజులు నేను మరిచిపోను. ముందుగా చెట్లన్నీ లేపింది. గంధరాజాలు ముప్పై రెండు. ఒక్కొక్క దాని చుట్టూ గుండ్రంగా తవ్వి, మట్టిగడ్డతో సహా ఎత్తి, తడి గోనెసంచిలో చుట్టి మెట్ల కింద నీడలో వరుసగా పెట్టింది. రెండో రోజుకే మొగ్గలన్నీ రాలిపోయాయి. మెట్ల కింద పచ్చటి మొగ్గలు కుప్పలుగా పడి ఉంటే ఊడ్చేవాళ్లు కూడా చీపురు ఆపి చూశారు. లచ్చమ్మ చూడలేదు. ఆమె గోడ పొడవునా నడుము లోతు గాడి తవ్వుతోంది.

మా పల్లె మనిషి పెద్దన్న ట్రాక్టరు నడుపుతాడు. దగ్గరలో ఒక చెరువు పూడిక తీస్తుంటే అక్కడి నల్లమట్టి రెండు ట్రిప్పులు తెచ్చి పోశాడు. "ఎందుకు వదినా గింత మట్టి, చెరువు మళ్ల కడుతున్నరా?" అని అడిగాడు. "నువ్వు పోసి పో, కట్టినంక చెప్త" అంది.

ఇక తొక్కుడు మొదలైంది. నాట్లకు ముందు పొలాన్ని బురద చేసే పనిని మా వైపు కరిగెట అంటారు. మట్టి మెత్తగా మెదిగితే నీళ్లు కిందికి దిగవు, పొలంలోనే నిలుస్తాయి. ఆ పనే గాడిలో చేయాలి. నాగలి పట్టదు కాబట్టి కాళ్లతో చేయాలి. లచ్చమ్మ కోడలు రజిత మాదాపూర్‌లో ఆడపిల్లల హాస్టల్లో వంట చేస్తుంది. మూడు రోజులు సెలవు పెట్టి వచ్చింది. కాలి గోళ్లకు ఎర్ర రంగు వేసుకున్న పిల్ల మోకాలి దాకా నల్లబురదలో దిగింది.

నేనూ దిగుతానన్నాను. "నీ మోకాళ్లు చూసుకో అక్కా, నువ్వు దిగితే నిన్ను తీయనీకి మళ్ల క్రేన్ కావాలె" అని లచ్చమ్మ నన్ను గట్టు మీద కూర్చోబెట్టి చేతిలో చెంబు పెట్టింది. నీళ్లు పోయడం నా పని. పోస్తూ కాంట్రాక్టరును, కాంక్రీటును, కారును వరుసగా తిట్టాను.

"పెద్దత్తమ్మా, జర నీళ్లు పొయ్యి. తిట్లు ఆడనే నిలబడ్డయి, నీళ్లు నిలుస్తలేవు" అంది రజిత.

ప్రతి పొరా జానెడు మందం. ఒక పొర తొక్కడం అయ్యాక లచ్చమ్మ పిడికెడు మట్టి తీసి ప్రమిదలాగా చేసి, అందులో నీళ్లు పోసి పక్కన పెట్టేది. గంట తర్వాత ప్రమిదలో నీళ్లు పోసినట్టే ఉంటే ఆ పొర అయినట్టు. తగ్గితే మళ్లీ తొక్కాలి. మొదటి పొరకు మూడుసార్లు నీళ్లు తగ్గాయి. మూడోసారి రజిత ఏడ్చినంత పని చేసింది. లచ్చమ్మ మళ్లీ దిగింది, చూసి రజితా దిగింది.

భానుశ్రీ ఫోను చెవి నుంచి తీసి అడిగింది. "ఆంటీ, ఇందులో ఏమైనా కెమికల్ కలుపుతారా?"

"కాళ్లు కలుపుతం బిడ్డా" అంది లచ్చమ్మ.

గాడి నిండింది. కాలువల అడుగు కూడా అదే మట్టితో మెత్తి, తూము వైపుకు వేలెడు వాలు ఇచ్చింది. ఈసారి తూముకు మట్టి కొట్టలేదు, ఇనుప జాలీ పెట్టింది. ఎనిమిదో రోజు చెట్లన్నీ తిరిగి ఒడ్ల మీదికి ఎక్కాయి. ఆకులు వాడిపోయి, పువ్వు లేక, మొగ్గ లేక, జ్వరం నుంచి లేచినవాళ్లలా ఉన్నాయి.

తొమ్మిదో రోజు ఆదివారం. పంచె ఉతికినా మచ్చలు పోలేదు, కొత్త దుప్పటి పరిచాం. మూడు డబ్బాల నీలం పోసింది. సెల్లార్‌లోకి వెంకటనారాయణ గారు ప్లాస్టిక్ కుర్చీ తెచ్చుకుని కూర్చున్నాడు. మీటింగుకు వచ్చినవాళ్లు అటే వచ్చి నిలబడ్డారు. లచ్చమ్మ రాలేదు, పైన తోటలోనే ఉంది. చూడలేనంది.

మధ్యాహ్నం దాకా ఏమీ లేదు. రెండు గంటలకు దుప్పటి మీద టప్పుమని తడి పడింది. ఎవరో "అదుగో" అన్నారు. వెంకటనారాయణ గారు లేచి, టార్చ్ వేసి, ఆ తడి మీద తెల్ల రుమాలు అద్ది వెలుతురులో పెట్టి చూశాడు. రుమాలు తెల్లగానే ఉంది. టార్చ్ పైకి ఎత్తాడు. మంటలు ఆర్పే ఎర్ర పైపు కీలు దగ్గర ఇంకో చుక్క కడుతోంది.

ఆయన కావాలంటే ఆ చుక్కను ఆమె మీద వేసేయవచ్చు. వేయలేదు. మెట్లెక్కి తోటలోకి వెళ్లి రుమాలు ఆమెకు చూపించాడు.

"ఇది నీది కాదమ్మా. పైపుది. నీ కట్ట నిలబడింది."

ఇంకా రెండు రోజులు దుప్పటి అట్లాగే ఉంచారు. నీలం పడలేదు. కాంక్రీటు మాట అసోసియేషన్ పుస్తకంలో కొట్టేశారు. ముప్పై రెండులో మూడు గంధరాజాలు చచ్చిపోయాయి, వాటి జాగాలో కొమ్మలు గుచ్చింది. ఆ వేసవికి పూలు లేవు. నిరుటి ఏప్రిల్‌లో మాత్రం ఆకు కనబడకుండా పూశాయి. సెక్యూరిటీవాళ్లు నా చెవి సంగతి ఇంకా ఎత్తుతారు. ఎత్తనివ్వండి. కమ్మలు కొత్తవి వేసుకున్నాను, వాటినీ చూసుకుంటారు.

మొన్న డి బ్లాకువాళ్లు వచ్చారు. వాళ్ల వెనక కూడా అట్లాంటి తడి జాగానే ఉందట, అక్కడ కూడా పూలు కావాలట. కాంట్రాక్టరు మేం చేయిస్తామని ముందుకొచ్చాడు. వాళ్లు లచ్చమ్మ వైపే చూశారు.

"చేస్త" అంది. "కానీ నేనొక్కదాన్ని తొక్కలేను. ఇంటికొకరు దిగాలె. ఆదివారం పొద్దుగాల రాండ్రి."

ఎవరూ రారని నేను అనుకున్నాను, పైకి కూడా అన్నాను. పదిహేను మంది వచ్చారు. ప్యాంట్లు మడిచి, చెప్పులు విడిచి, సబ్బు వాసన వచ్చే తెల్లటి కాళ్లతో వరుసగా దిగారు. భానుశ్రీ తన బ్లాకు కాకపోయినా దిగింది. లచ్చమ్మ ఒడ్డు మీద నిలబడి ఒక్కొక్కరి కాళ్ల వంకే చూస్తోంది.

"ఫోను జేబుల పెట్టుండ్రి. కాలు పూర్తిగ లేపి తొక్కాలె, నాట్యం చేసినట్టు కాదు." ఆ మాటకు నవ్వారు, నవ్వుతూనే తొక్కారు. వరుస చివర వెంకటనారాయణ గారు ఒక చోట ఊపిరి తీసుకోవడానికి ఆగాడు.

"సారూ, ఆడ ఆగొద్దు" అంది లచ్చమ్మ. "మీరు తొక్కకుండ విడిచిన కాడ్నే నీళ్లు దిగుతయి."

ఆయన పంచె ఇంకొంచెం పైకి ఎత్తి కట్టి, మళ్లీ కాలు లేపాడు.